వెల్చ్ రెజిమెంటు బెటాలియన్లు

ప్రశ్న: ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మూడు ఈకల గుర్తున్న పాత సైనిక టోపీ బిళ్ల ఒకటి కొన్నాను. కింది పట్టీ మీద ‘వెల్ష్’ అన్న పేరులో ‘ఎస్’ ఉండవలసిన చోట ‘సి’ ఉంది. ఇది పోతపోసినవారి పొరపాటా? బ్రిటిష్ సైన్యంలోని ఈ వేల్స్ రెజిమెంటులో ఎన్ని బెటాలియన్లు (పెద్ద సైనిక దళాలు) ఉండేవి?

సమాధానం 1: పొరపాటు కాదండి. ఆ పాత వర్ణక్రమాన్ని 1920లో అధికారికం చేశారు కనుక మీ బిళ్ల బహుశా ఆ తరువాతిదే. 1881లో 41వ, 69వ పదాతి రెజిమెంట్లను కలిపినప్పుడు అవి వరుసగా 1వ, 2వ బెటాలియన్లయ్యాయి. 1719లో ఏర్పడిన 41వది మొదట యుద్ధానికి పనికిరారని పక్కనపెట్టిన సైనికుల దళమన్నది నాకు ఇప్పటికీ వింతే.

సమాధానం 2: 69వది మన దక్షిణాదికి పరిచయమున్నదే. 1806 జులై 10న వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడినప్పుడు అక్కడ ఉన్న బ్రిటిష్ సైనికులు దాని నాలుగు కంపెనీల (బెటాలియన్‌లోని చిన్న దళాల) వారే.

సమాధానం 3: బెటాలియన్ల సంఖ్య ఎప్పుడూ ఒకేలా లేదండి. మొదటి ప్రపంచయుద్ధంలో స్వచ్ఛందంగా చేరినవారితో కొత్తవి ఎన్నో వెలిశాయి. వాటిలో వేల్స్‌లోని కార్డిఫ్ నగరవాసులతో ఏర్పడిన 16వది 1916 జులైలో ఫ్రాన్స్‌లోని మామెట్జ్ అడవి దగ్గర తీవ్రంగా దెబ్బతిన్నది. 1948లో 1వ, 2వ బెటాలియన్లను ఒకటి చేశారు. 1969లో రెజిమెంటే సౌత్ వేల్స్ బోర్డరర్స్ అనే మరో రెజిమెంటుతో కలిసిపోయింది.