అమ్మమ్మ సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేస్తున్నాం, తాతయ్య తాగుడు సంగతి రాయాలా వద్దా?

మెట్టపిల్ల:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి వైపు ఒక మెట్ట పల్లె. మా అమ్మమ్మ పోయి వచ్చే నెలకి ఏడాది. సంవత్సరీకానికి వచ్చినవాళ్లకి ఏదో ఒక స్టీలు గిన్నె పంచుతుంటారు కదా, ఈసారి దాంతోపాటు ఆమె గురించి పదహారు పేజీల చిన్న పుస్తకం కూడా ఇద్దామనుకున్నాం. రాసే పని నా మీద పడింది. రెండు వారాల నుంచి రోజూ కూర్చుంటున్నాను, "ప్రేమమూర్తి, త్యాగమయి, నలుగురికీ చేయందించిన మనిషి" దగ్గరే ఆగిపోతున్నాను. అన్నీ నిజమే, కానీ ఈ మాటలు ఏ ఫ్లెక్సీ మీదైనా ఉంటాయి, చదివితే మా అమ్మమ్మ కళ్లముందు కనపడటం లేదు.

నన్ను పెంచింది ఆమే. అమ్మ నెల్లూరులో ఉద్యోగం చేసేది, నేను ఏడో తరగతి దాకా పల్లెలోనే. నాకు బాగా గుర్తున్నది ఆమె కొంగు. రెండు ముడులుండేవి, ఒకదాంట్లో ఇంటి డబ్బులు, ఇంకోదాంట్లో పొదుపు సంఘం డబ్బులు. ఒకసారి ఇంట్లో ఉప్పు కూడా అయిపోయింది, నేను ఆ రెండో ముడి పట్టుకుని లాగితే నా చెయ్యి తీసేసి "అది మనది కాదు తల్లీ" అని పక్కింటికి పోయి గుప్పెడు ఉప్పు బదులు తెచ్చుకుంది. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా ఆటోలో పక్కన కూర్చుని ఆస్పత్రికి పోయేది, వితంతు పెన్షన్ కాగితాలు పట్టుకుని ఎంతమందిని మండలాఫీసుకి తీసుకుపోయిందో లెక్కలేదు.

అసలు చిక్కు ఇక్కడ. ఇవన్నీ ఆమె మొదలుపెట్టింది సారా ఉద్యమంలో, అంటే ఊళ్లో సారా అమ్మకాలు ఆపాలని మా జిల్లా ఆడవాళ్లు చేసిన పోరాటంలో. ఆ ఉద్యమంలోకి పోయింది మా తాతయ్య వల్ల. ఆయన తాగి, కూలిడబ్బులు లాక్కుని, కొట్టేవాడు. మామయ్య మాత్రం ఒకటే మాట, "నాయన తాగేవాడని అచ్చులో వేస్తామా, బంధువులంతా చదువుతారు" అని. అది తీసేస్తే మిగతా కథకి మొదలే లేదు. మీరైతే ఏం చేస్తారు?

కావలి_అబ్బాయి:
చెల్లెమ్మా, నా మాట వింటే వదిలెయ్యి. ఇద్దరూ పోయారు. సంవత్సరీకం అన్నది ఆమెని తలుచుకోవడానికి, ఆయన్ని నలుగురిలో నిలబెట్టడానికి కాదు. "ఆ రోజుల్లో సారా వల్ల ఇళ్లు గుల్లయ్యేవి, వాటిని చూసి ఆమె కదిలింది" అని రాస్తే అర్థమయ్యేవాళ్లకి అర్థమవుతుంది. మీ మామయ్య బాధ కూడా చిన్నది కాదు, రేపు ఆ ఊళ్లో ఉండేది ఆయనే కదా. ఎన్టీఆర్ గారు మద్యనిషేధం పెట్టడానికి ఈ అమ్మలే కారణం అని ఒక పేరా రాసినా చాలు.

అక్షరం_వలంటీరు:
అమ్మాయ్, నాకిప్పుడు యాభై దాటాయి, 1991లో మా ఊళ్లో రాత్రిపూట లాంతరు పెట్టుకుని ఆడవాళ్లకి చదువు చెప్పాను. మీ ప్రశ్న చూసి నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను.

అక్షరదీపం అని జిల్లా అంతా సాక్షరతా కార్యక్రమం నడిచింది. పొద్దంతా కలుపు తీసి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి ఎనిమిదింటికి వచ్చేవాళ్లు. పలక పట్టుకుంటే వేళ్లు వంగేవి కావు. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది, భర్త తాగుడికి బలైపోయిన ఆడమనిషి కథ. నేను చదువుతుంటే ఒకామె లేచి "ఇది నా కథే, పుస్తకంలోకి ఎట్టా వచ్చింది" అనింది. ఇంకొకామె "కాదు నాది" అనింది. ఆ రాత్రి ఇక పాఠం జరగలేదు, పొద్దుపోయేదాకా అందరూ ఎవరి ఇంటి సంగతి వాళ్లు చెప్పుకుని ఏడ్చారు. అప్పటిదాకా ఎవరికి వాళ్లు నా ఖర్మ అనుకుని నోరు మూసుకున్నవాళ్లే. మన జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో రోశమ్మగారు, తోటి ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కబురు వచ్చేసరికి మా వాళ్లకి ఇక ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరి మొదట్లో కాపలా కాశారు. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వలేదు.

కావలి తమ్ముడికి ఒక్క మాట. ఎన్టీఆర్ గారిది 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధం, 1997లో దాన్ని సడలించారు. ఈ ఆడవాళ్లు ముందు గెలిచింది సారా మీద. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపించారు, అప్పుడు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డిగారు. రెండూ కలిపేస్తే వాళ్లు చేసింది సగం పోతుంది.

ఇంటి గుట్టు అంటున్నారు. ఆ గుట్టు బయటపెట్టినందుకే కదమ్మా ఉద్యమం పుట్టింది? మీ అమ్మమ్మ నలుగురిలో నోరు విప్పి చెప్పుకున్న మాటని ఇప్పుడు మనం మళ్లీ దాచిపెడతామా? అయితే ఒకటి, తాతని తిట్టొద్దు, జరిగింది జరిగినట్టు రాయి చాలు. పొదుపు సంఘం తీర్మానాల పుస్తకం ఇంట్లో ఉందేమో వెతుకు. రోజుకి రూపాయి చొప్పున నెలకి ముప్పై రూపాయలు దాచిన సంఘాలు అవి, అందులో వాళ్ల చేతిరాత ఉంటుంది.

నెల్లూరోడు_హైదరాబాద్:
మేం మా అమ్మకి ఇట్లాంటి పుస్తకమే వేశాం, నాలుగేళ్లయింది. ఆమె అంగన్‌వాడీ ఆయా. మా ఇంట్లో జరిగిన గొడవలన్నీ తీసేసి మంచి మాటలే వేశాం. ఇప్పుడు తీసి చదివితే అది మా అమ్మ గురించే రాసిందని నాకే అనిపించదు, ఎవరి అమ్మ ఫొటో పెట్టినా సరిపోతుంది. ఆ బాధ ఇంకా పోలేదు నాకు.

ఒక్కటి మాత్రం బాగా కుదిరింది. "మా అమ్మ ఎట్లాంటిది" అని అడిగితే అందరూ "దేవత" అంటారు, అక్కడితో అయిపోతుంది. అందుకని ఊళ్లో తిరిగి "మా అమ్మ ఆఖరిసారి మీ ఇంటికి ఎందుకొచ్చింది" అని అడిగాను. ఒకామె గ్లాసుడు రాగులు తెచ్చిందని, ఒకాయన ఆధార్ కార్డులో పేరు తప్పుపడితే సరిచేయించుకోమని పోరడానికి వచ్చిందని చెప్పారు. ఫోన్‌లో రికార్డు చేసుకో, తర్వాత రాసుకోవచ్చు. పెద్దవాళ్ల దగ్గరికి ముందు పో, వాళ్లు ఎన్నాళ్లుంటారో మన చేతిలో లేదు. డీటీపీ అయ్యాక పేర్లు మాత్రం ఇద్దరితో చూపించు, మా పెద్దమ్మ పేరు తప్పు పడి ఆమె చాలా నొచ్చుకుంది.

మామయ్య విషయానికొస్తే, రాసేసి చూపించకు. ముందు ఆయన్నే అడుగు, ఆ రోజుల్లో నీకేం గుర్తుంది మామయ్యా అని. కొడుకులు చెప్పుకోలేనివి చాలా ఉంటాయి.

మెట్టపిల్ల:
అందరికీ దండాలు. శని, ఆదివారాలు ఊరికి పోయొచ్చాను, అందుకే ఆలస్యం.

అటక మీద రేకుపెట్టెలో తీర్మానాల పుస్తకాలు మూడు దొరికాయి. మొదటిదాంట్లో పదిహేనుమంది పేర్లు ఎవరో రాస్తే పక్కన కొందరివి వేలిముద్రలు, కొందరివి సంతకాలు. అమ్మమ్మది సంతకమే. ఒక్కో అక్షరం ఒక్కో సైజులో ఉంది, చివరి అక్షరం గీత దాటి పక్కామె వేలిముద్ర మీదికి పోయింది. పెన్ను ఎంత గట్టిగా నొక్కిందో, కాగితం వెనక తడిమితే వేలికి తగులుతోంది. అమ్మకి చూపిస్తే ఆ పేజీ పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చుంది.

నెల్లూరోడు గారు చెప్పినట్టే మామయ్యని అడిగాను. ముందు లేచి బయటికి పోయాడు. రాత్రి అన్నాలయ్యాక తనే వచ్చి చెప్పాడు. తాతయ్యకి సారా ప్యాకెట్లు తెచ్చి ఇచ్చింది మామయ్యే అట, అప్పటికి పదేళ్లు. ఒక సాయంత్రం ఆడవాళ్లంతా అంగడి దగ్గర కాపలా ఉంటే, తెలియక వెనక దారిలో ప్యాకెట్టు తీసుకుని వస్తూ సరిగ్గా వాళ్లమ్మ ముందే పడ్డాడు. కొడుతుందని కళ్లు మూసుకున్నాడట. కొట్టలేదు. చేతిలో ప్యాకెట్టు తీసుకుని పంటితో కొరికి చింపి మట్టిలో పోసింది, నోట్లోకి పోయిన చుక్క ఉమ్మేసి "ఈ చేదు కోసమా అబ్బయా" అని, చెయ్యి పట్టుకుని అందరి ముందునుంచి ఇంటికి తీసుకొచ్చింది. "నాయన పరువు కాదు పాపా, ఆ ప్యాకెట్టు తెచ్చింది నేనని ఎవరికీ తెలియకూడదనే వద్దన్నా" అన్నాడు మామయ్య. ముప్పై ఏళ్లకి పైగా ఆ సంగతి అత్తకి కూడా చెప్పలేదట.

కావలి అన్నా, మీరు చెప్పింది కూడా మనసులో పెట్టుకున్నాను. తాతయ్య గురించి నాలుగు వాక్యాలే రాశాను. అంగడి మూతపడ్డాక కొన్నాళ్లు వేరే ఊరికి పోయి తాగొచ్చాడని, తర్వాత మానేశాడని, చివరి రోజుల్లో అమ్మమ్మ సంఘం మీటింగుకి పోతే ఎనుముకి ఆయనే నీళ్లు పెట్టేవాడని. ఇది మామయ్యే చెప్పి రాయించాడు.

ప్యాకెట్టు సంగతి పేజీ మాత్రం సంవత్సరీకం రోజు తనే చదువుతానన్నాడు. పదహారు పేజీలు ఇరవై అయ్యాయి, ప్రెస్సతను గురువారంలోపు ఫైలు ఇమ్మన్నాడు. అక్షరం వలంటీరు గారూ, సారా నిషేధం తేదీలున్న పేరా ఒక్కటి మీకు పంపిస్తాను, చూసి చెప్తారా?