రాయిని తన్నితే బర్క్లీ ఓడిపోయినట్టేనా?

గోదారిగట్టు:
1763లో ఇంగ్లండ్‌లోని హారిచ్ ఊళ్లో చర్చి బయట నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్, ఆయన మిత్రుడు బాస్వెల్ మాట్లాడుకుంటున్నారు. పదార్థమే లేదు, ఉన్నవి మనసులూ వాటి అనుభవాలే అన్న ఐరిష్ తత్త్వవేత్త జార్జ్ బర్క్లీ వాదం తప్పని తెలుస్తూనే ఉంది గానీ ఖండించడం కుదరట్లేదన్నాడు బాస్వెల్. జాన్సన్ ఒక పెద్ద రాయిని గట్టిగా తన్ని, "ఇదిగో, ఇలా ఖండిస్తున్నాను" అన్నాడు. నాకైతే అది చాలు. అంతకంటే రుజువేం కావాలి?

వేపచెట్టు:
కాలికి తెలిసిందేమిటండీ? నొప్పి, గట్టిదనం. రెండూ అనుభవాలే. రాయి లేదని బర్క్లీ అనలేదు. కళ్లతో చూసేవీ చేత్తో తాకేవీ నిజంగానే ఉన్నాయని, తాను కాదనేది ఏ మనసుతోనూ పనిలేకుండా విడిగా ఉంటుందని తత్త్వవేత్తలు చెప్పే 'పదార్థం' ఒక్కదాన్నేనని 1710 నాటి పుస్తకంలోనే రాశాడు.

దీనికి మూలం బర్క్లీకి ముందుతరం ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్. ఆకారం, పరిమాణం, కదలిక వస్తువులోనే ఉంటాయి, రంగు, రుచి, వేడి మాత్రం మనకు అనిపించేవి అన్నాడాయన. ఇంట్లో చేసి చూడండి. కుడిచెయ్యి వేడినీళ్లలో, ఎడమచెయ్యి చన్నీళ్లలో కాసేపు ఉంచి, రెండూ ఒకేసారి గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో పెట్టండి. అవే నీళ్లు కుడిచేతికి చల్లగా, ఎడమచేతికి వేడిగా తగులుతాయి. నిన్న చేశాను. ఏం జరుగుతుందో ముందే తెలిసినా ఒళ్లు ఝల్లుమంది.

సరే, పరిమాణం మాత్రం చూసేవాణ్ని బట్టి మారదా అని బర్క్లీ అడిగాడు. మన కంటికి ఆనని పురుగు కాలు ఆ పురుగుకి చిన్నదేం కాదు. ఇలా ఒక్కొక్క గుణాన్నీ తీసేస్తే అడుగున మిగిలేదేమిటి? అదేమిటో తెలియదని లాకే ఒప్పుకున్నాడు.

చలిమంట:
ఇది మన మాయావాదమే కదా. శంకరులు ఎప్పుడో చెప్పారు.

వేపచెట్టు:
కాదండీ. బాహ్యవస్తువులు లేవన్న విజ్ఞానవాద బౌద్ధులను శంకరులే బ్రహ్మసూత్ర భాష్యంలో ఖండించారు. కడుపునిండా తింటూ 'నేను తినట్లేదు' అన్నట్టుంది అని. ఈ విషయంలో ఆయన జాన్సన్ పక్కన నిలబడతారు.

గోదారిగట్టు:
రాయిని వదిలేస్తాను. గదిలో ఎవరూ లేనప్పుడు బల్ల సంగతేంటి? అప్పుడది దేవుడి మనసులో ఉంటుందని కదా బర్క్లీ జవాబు, అది కనిపించని పదార్థాన్ని తీసి కనిపించని దేవుణ్ని పెట్టినట్టే కదా?

వేపచెట్టు:
ఇది సరైన దెబ్బ. కళ్లు తెరిస్తే ఏం కనబడాలో నా చేతుల్లో లేదు, జడపదార్థం ఏమీ చేయలేదు, కాబట్టి ఇంకో మనసే ఇవన్నీ చూపిస్తోంది అంటాడు బర్క్లీ. 'నా చేతుల్లో లేదు' వరకు ఒప్పుకుంటాను. అక్కణ్నుంచి దేవుడి దాకా వెళ్లడం నాకు మింగుడుపడదు. 1739లో స్కాటిష్ తత్త్వవేత్త హ్యూమ్ తన లోపల వెతుక్కుంటే అనుభవాలు తప్ప 'నేను' అనేదే దొరకలేదన్నాడు. పదార్థాన్ని నరికిన కత్తే మనసునీ నరికింది. అయినా పదార్థం విషయంలో బర్క్లీదే పైచేయి అంటాను.

గోదారిగట్టు:
ఇప్పుడే చేతులు తుడుచుకుని వచ్చాను. మీరు చెప్పినట్టే అయింది. కానీ ఒక్కటి చెప్పండి. ఒక చెయ్యి చల్లగా ఉందంటోంది, ఇంకోటి వేడిగా ఉందంటోంది. అయినా 'అవే నీళ్లు' అని మీరూ రాశారు, నేనూ నమ్మాను. ఆ 'అవే' ఏ చేతికి తెలిసింది? దానికి జవాబు వచ్చేదాకా నేను పదార్థం వైపే.