ఖాళీ సెల్ వచ్చిన చోటల్లా పాల బిల్లు తప్పుతోంది, ఫార్ములా ఎలా రాయాలి?

పాలపూట:

అందరికీ నమస్కారం. మా ఊరి పాల కేంద్రంలో రైతుల బిల్లులు నేనే వేస్తా. మొన్నటిదాకా పుస్తకమే, ఇప్పుడు ఎక్సెల్‌లోకి మార్చా. రైతుకో షీటు, పూటకో వరస. ఏ (A) కాలమ్‌లో తేదీ, బిలో పూట, సిలో లీటర్లు, డిలో ఫ్యాట్, ఇలో లీటరు రేటు, ఎఫ్‌లో డబ్బు. మా అసలు రేటు వేరు గానీ, ఇక్కడ తేలిగ్గా ఉండటానికి ఫ్యాట్ పాయింటుకి 8 రూపాయలు అనుకోండి. ఫార్ములాలు తెలుగు లిపిలో కొడుతున్నా, షీట్లో మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి.

ఒక రైతువి ఐదు పూటలు పెడుతున్నా:

వరస 2, 1వ తేదీ ఉదయం: 5 లీటర్లు, ఫ్యాట్ 6.5
వరస 3, 1వ తేదీ సాయంత్రం: 4 లీటర్లు, ఫ్యాట్ 7
వరస 4, 2వ తేదీ ఉదయం: పాలు పోయలేదు, రెండూ ఖాళీ
వరస 5, 2వ తేదీ సాయంత్రం: 3 లీటర్లు, ఫ్యాట్ 7.2
వరస 6, 3వ తేదీ ఉదయం: 4 లీటర్లు, కరెంటు లేక మిషన్ ఆడలేదు, ఫ్యాట్ ఖాళీ

ఇ2లో =ఇఫ్(డి2="","",డి2*8) ఉంది. ఎఫ్2లో =సి2*ఇ2. రెండూ కిందికి లాగా. 4వ వరసలో ఇ దగ్గరే #వాల్యూ! వచ్చింది. 6వ వరసలో ఇ ఖాళీగానే ఉంది గానీ ఎఫ్‌లో #వాల్యూ! వచ్చింది. దాంతో కింద మొత్తం కూడా #వాల్యూ! అయిపోయింది. సరే అని ఖాళీల్లో 0 కొట్టా. ఎర్రర్ పోయింది, కానీ సగటు ఫ్యాట్ 4.14 చూపించింది. కాయితం చూసి పెద్దాయన కేంద్రం ముందే నిలదీశాడు, "నా గేదె పాలకి నాలుగు ఫ్యాటా?" అని. ఆయన అడిగిందీ న్యాయమే.

ఇంకోటి: ఆ సున్నాలు అన్‌డూ చేసేశాక డి4 కంటికి ఖాళీగానే ఉంది, =ఇజ్‌బ్లాంక్(డి4) అని అడిగితే ఫాల్స్ అంటోంది. ఇదేం మాయ?

షీట్లభాయ్:

భయ్యా, ఇంత లొల్లి ఎందుకు? ఎఫ్2లో =ఇఫ్‌ఎర్రర్(సి2*ఇ2,0) పెట్టు, కిందికి గుంజు. ఇ కాలమ్‌కు గూడ గట్లనే. సగటుకు =యావరేజ్‌ఇఫ్(డి2:డి6,">0") కొట్టు, సున్నాలు లెక్కలకు రావు. 6.9 వస్తది. గంతే.

మిల్లు_అక్క:

భాయ్ గారూ, సగటు సంగతి తర్వాత చూద్దాం గానీ ఆ ఇఫ్‌ఎర్రర్ మాత్రం వద్దు. 6వ వరస చూడండి. రైతు నాలుగు లీటర్లు పోశాడు. మీ ఫార్ములాతో ఆ పూట డబ్బు సున్నా. ఎర్రర్ కనిపించదు, షీటంతా శుభ్రంగా ఉంటుంది, ఆయనకి రావాల్సిన రెండొందల పైచిలుకు ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. ఇంత అన్యాయం షీటు నిశ్శబ్దంగా చేస్తే ఎర్రరే నయం, కనీసం అరుస్తుంది. ధాన్యం మిల్లులో లెక్కలు చూసేదాన్ని, తేమ శాతం రాయని లోడుకి ఇలాగే ఇఫ్‌ఎర్రర్ పెట్టిన షీట్లు నా దగ్గరికి చాలా వచ్చాయి.

తమ్ముడూ, ఒక పని చెయ్యి. ఏదైనా ఖాళీ సెల్‌లో =లెన్(డి4) కొట్టి ఎంత వచ్చిందో చెప్పు, అది డి4లో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెడుతుంది.

పాలపూట:

1 వచ్చిందక్కా. డి6కి కొడితే 0.

మిల్లు_అక్క:

అనుకున్నా. ఎవరో అంకె చెరపడానికి స్పేస్ బార్ నొక్కారు. ఫోన్లో ఎంట్రీ చేసేవాళ్లకి ఇది మామూలే. డి4లో ఒక స్పేస్ కూర్చుని ఉంది, అందుకే ఇజ్‌బ్లాంక్ ఫాల్స్ అంది. "" తో పోల్చినా ఖాళీ కాదనే చెప్పింది, స్పేస్‌ని 8తో గుణించబోయి ఇ4 #వాల్యూ! కొట్టింది. డి6 నిజంగానే ఖాళీ. అక్కడ ఇ6 నువ్వు చెప్పినట్టే "" ఇచ్చింది. కానీ "" అంటే ఎక్సెల్ లెక్కలో ఖాళీ కాదు, అక్షరాలు లేని టెక్స్ట్. దాన్ని సి6తో గుణించమంటే ఎఫ్6 చేతులెత్తేసింది.

అంటే నీ షీట్లో ఖాళీగా కనిపించేవి మూడు రకాలు: అసలు ఏమీ లేనిది, ఫార్ములా ఇచ్చిన "", స్పేస్ ఉన్నది. ఇజ్‌బ్లాంక్ మొదటిదాన్నే ఒప్పుకుంటుంది. ="" పరీక్ష మొదటి రెండిటినీ ఒప్పుకుంటుంది. స్పేస్‌ని రెండూ ఒప్పుకోవు. అందుకే నేను ఖాళీనా అని అడగడం ఎప్పుడో మానేశా. అంకె ఉందా అని అడుగుతా. ఇజ్‌నంబర్ ముందు ఈ మూడూ ఒకటే. ఎవరైనా గీత పెట్టినా, "రాలేదు" అని రాసినా కూడా అంతే.

ఇక నీ అసలు చిక్కు. 4వ వరస, 6వ వరస చూడటానికి ఒకే ఎర్రర్, కానీ వాటి అర్థాలు వేరు. ఒకటి పాలే పోయలేదు, డబ్బు అడగడు. రెండోది పోశాడు, మన మిషన్ ఆడలేదు, డబ్బు మనం బాకీ. ఆ తేడా ఫార్ములాలో కనపడాలి. ఇ కాలమ్‌లో ఉన్నవి చెరిపేయ్, అక్కర్లేదు; కాలమ్‌ని మాత్రం అలాగే ఉంచు. ఎఫ్2లో ఇది పెట్టు:

=ఇఫ్(ఇజ్‌నంబర్(సి2),ఇఫ్(ఇజ్‌నంబర్(డి2),సి2*డి2*8,"ఫ్యాట్ లేదు"),"")

2వ వరసకి 260, 3వ దానికి 224, 5వ దానికి 172.80 వస్తాయి. 4వ వరస ఖాళీ. 6వ వరసలో "ఫ్యాట్ లేదు" అని పడుతుంది. మొత్తం =సమ్(ఎఫ్2:ఎఫ్6) అని రాయి, 656.80 వస్తుంది, ఎందుకంటే సమ్ టెక్స్ట్‌ని దాటుకుని పోతుంది. =ఎఫ్2+ఎఫ్3+ఎఫ్4 అని ప్లస్‌లు పెడితే మాత్రం మళ్లీ #వాల్యూ! వస్తుంది. దాని పక్కనే =కౌంట్‌ఇఫ్(ఎఫ్2:ఎఫ్6,"ఫ్యాట్ లేదు") పెట్టుకో. అది సున్నా అయ్యేదాకా ఆ రైతు బిల్లు ప్రింటు తియ్యకు.

సగటు దగ్గరికొద్దాం. భాయ్ గారి 6.9 కూడా నాకు నచ్చదు. ఐదు లీటర్ల పూటకీ మూడు లీటర్ల పూటకీ ఒకే విలువ ఇస్తే ఎలా? లీటర్లతో గుణించి తీయాలి, సమ్‌ప్రొడక్ట్ అందుకే ఉంది. =సమ్‌ప్రొడక్ట్(సి2:సి6,డి2:డి6) అంటే 82.1. ఇక్కడే అందరూ జారిపడతారు: దీన్ని =సమ్(సి2:సి6)తో, అంటే 16తో భాగిస్తే 5.13 వస్తుంది. ఫ్యాట్ తీయని ఆ నాలుగు లీటర్లు పైన లెక్కలో లేవు, కింద మాత్రం ఉన్నాయి. ఎర్రర్ రాదు, అనుమానమూ రాదు, పెద్దాయన మళ్లీ వస్తాడు. కింద =సమ్‌ఇఫ్(డి2:డి6,">0",సి2:సి6) పెట్టు. అది ఫ్యాట్ ఉన్న పూటల లీటర్లనే కూడుతుంది, 12. అప్పుడు 6.84, అదీ సరైన సగటు. సమ్‌ప్రొడక్ట్‌లో రెండు రేంజుల మధ్య కామానే ఉంచు. గుణకారం గుర్తు పెడితే స్పేస్ ఉన్న డి4 దగ్గర మళ్లీ #వాల్యూ!.

షీట్లభాయ్:

ఒప్పుకున్న అక్కా, లీటర్ల ముచ్చట నాకు తట్టలె. గూగుల్ షీట్స్ వాడేటోళ్లకు ఒక మాట: అక్కడ =ఇఫ్(డి2="",,డి2*8) అని కామాల నడుమ ఏం రాయకపోతే నిజమైన ఖాళీ వస్తది. గదే ఎక్సెల్‌ల కొడితే 0 వస్తది. ఒక దాంట్లకెళ్లి ఇంకో దాంట్లకు షీట్ మార్చేటప్పుడు జర చూసుకోండ్రి.

గోదారి_గుమాస్తా:

మిల్లు అక్క గారి ఇజ్‌నంబర్‌కి ఒక మెలిక ఉందండి. మిషన్ నుంచి ఫైలు దించుకుని షీట్లో అతికిస్తే ఒక్కోసారి 7.2 కూడా టెక్స్ట్‌గా వచ్చేస్తుంది. అంకెలా కనిపిస్తుంది, ఇజ్‌నంబర్ మాత్రం కాదంటుంది. అలైన్‌మెంటు మనం ముట్టుకోకపోతే అలాంటివి సెల్‌లో ఎడమ పక్కకి అతుక్కుని ఉంటాయండి, నిజం అంకెలు కుడి పక్కకి. కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి ఫినిష్ నొక్కేస్తే అంకెలైపోతాయి.

ఇంకోటండి, ఫ్యాట్ ఉండి లీటర్లు రాయని పూట వస్తే అక్క గారి ఫార్ములా దాన్ని పాలు పోయనట్టే వదిలేస్తుంది. చివర్లో ఉన్న "" బదులు ఇఫ్(ఇజ్‌నంబర్(డి2),"లీటర్లు లేవు","") అని పెట్టుకోండి.

మిల్లు_అక్క:

రెండూ మంచి మాటలే గుమాస్తా గారూ. టెక్స్ట్ 7.2 వచ్చినా నా ఫార్ములా "ఫ్యాట్ లేదు" అనే అంటుంది కాబట్టి డబ్బు పోదు, మనిషి వెళ్లి చూస్తాడు. లీటర్ల సంగతి మాత్రం మీరన్నట్టు మార్చాల్సిందే.

పాలపూట:

అక్కా, గుమాస్తా గారూ, అన్నీ పెట్టా, లెక్క కుదిరింది. మా కేంద్రంలో మిషన్ ఆడని పూటకి, అదే రైతు ముందు పోసిన పూట ఫ్యాట్ వేస్తాం. ఉదయానికి ఉదయమే చూస్తాం, సాయంత్రం పాలకి వెన్న ఎక్కువ పడుతుంది కదా. అది కూడా ఫార్ములాతో అవుతుందా? 7కి పైన ఫ్యాట్ వస్తే బోనస్ అని హెచ్‌లో =ఇఫ్(డి2>7,"బోనస్","") పెట్టా, పాలు పోయని 4వ వరసకి కూడా బోనస్ అంటోంది!

మిల్లు_అక్క:

బోనస్ వచ్చింది ఆ స్పేస్‌కి. ఎక్సెల్ పోలికలో ఏ టెక్స్ట్ అయినా ఏ అంకె కన్నా పెద్దదే, ఉత్త "" కూడా. నిజమైన ఖాళీ అయితే సున్నా కింద లెక్క, అది తక్కువ ఫ్యాట్ హెచ్చరికల్లో తగులుతుంది. ఇక్కడా ముందు అంకె ఉందో లేదో చూడు: =ఇఫ్(ఇజ్‌నంబర్(డి2),ఇఫ్(డి2>7,"బోనస్",""),"").

ముందు పూట ఫ్యాట్‌కి జి కాలమ్ వాడు. జి6లో:

=ఇఫ్(ఇజ్‌నంబర్(డి6),డి6,లుకప్(2,1/(ఇజ్‌నంబర్(డి$2:డి5)*(బి$2:బి5=బి6)),డి$2:డి5))

అంకె ఉండి, పూట కలిసిన చోట 1 వస్తుంది. మిగతా చోట్ల సున్నాతో భాగహారం, ఎర్రర్. 2 ఎక్కడా దొరకదు కాబట్టి లుకప్ ఎర్రర్లని వదిలేసి చివరి 1 దగ్గర ఆగుతుంది. నీ షీట్లో అది 1వ తేదీ ఉదయం, 6.5. నాలుగు లీటర్లకి 208 రూపాయలు. పూట చూడకుండా పైనున్న చివరి ఫ్యాట్ 7.2 తీసుకుంటే 230.40 అయ్యేది, అంటే సంఘానికి 22.40 ఎక్కువ ఖర్చు. గూగుల్ షీట్స్‌లో అయితే దీన్ని అర్రేఫార్ములాలో చుట్టాలి. బిల్లు మొదట్లో ఉదయం, సాయంత్రం ఒక్కో వరసలో పైన చూడటానికి ఏమీ ఉండదు, కాబట్టి పోయిన బిల్లు చివరి ఉదయం, చివరి సాయంత్రం డేటా పైన రెండు వరసల్లో తెచ్చి పెట్టుకో, మొత్తంలో మాత్రం కలపకు.

ఇలా వేసిన ఫ్యాట్‌ని డిలో అతికించకు. డి అంటే మిషన్ చెప్పింది, జి అంటే మనం వేసింది. పెద్దాయన అడిగితే రెండూ చూపించొచ్చు. ఎఫ్‌లో "ఫ్యాట్ లేదు" ఉన్న చోట సి6*జి6*8 పెట్టుకుని, ఆ సెల్‌కి కండిషనల్ ఫార్మాటింగ్‌తో పసుపు రంగు వేసుకో.

పాలపూట:

బోనస్ పోయింది, 208 పడింది. చివరి ప్రశ్న అక్కా: కేంద్రం గోడకి ఫ్యాట్ లైన్ చార్టు అంటించమంటున్నారు. దానికోసం వేరే కాలమ్‌లో ఇఫ్ పెట్టి ఖాళీకి "" ఇచ్చా. గీత పాలు పోయని పూట దగ్గర సున్నాకి పడిపోతోంది.

మిల్లు_అక్క:

చార్టు "" ని సున్నాగానే గీస్తుంది. ఆ కాలమ్‌లో "" బదులు ఎన్‌ఏ() పెట్టు, ఆ చుక్క గీయదు; ఎక్సెల్ వెర్షన్‌ని, చార్టు సెట్టింగ్‌ని బట్టి అటూ ఇటూ ఉన్నవాటిని కలుపుతుంది, లేదా అక్కడ గీత తెంపుతుంది. షీట్లో #ఎన్/ఏ అని కనిపిస్తుంది, కాబట్టి ఆ కాలమ్‌ని ప్రింటు ఏరియా బయట పెట్టు. దాని మీద సమ్ గానీ యావరేజ్ గానీ వెయ్యకు, అవి కూడా #ఎన్/ఏ అయిపోతాయి.