పాత సత్రం: కూల్చాలా, నిలబెట్టాలా?

జగన్నాథం రోడ్డు:
ఒడిశాలోని గంజాం జిల్లాలో మా ఊరి నడిబజారులో పాత సత్రం ఒకటి ఉంది. ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, అంటే 1936కి ముందు, పూరీ వెళ్ళే యాత్రికుల కోసం కట్టింది. గుమ్మం మీద దాత పేరు తెలుగులో చెక్కిన రాయి ఉంది. తాళం వేసి ఏళ్ళు గడిచాయి. మొన్నటి వానలకి వీధివైపు సన్‌షేడ్ ముక్క ఊడిపడింది. వెంటనే శిథిల భవనమని నోటీసు అంటించారు. కూల్చేసి దుకాణాలు కడతారట. ఊళ్ళో తెలుగువాళ్ళం రెండుగా చీలిపోయాం. ఫొటోలు పెడుతున్నాను, చూసి చెప్పండి.

రెండో వీధి:
కూల్చడమే మంచిది. ఆ గోడ పక్కనుంచే మా పిల్లలు ట్యూషన్‌కి వెళ్తారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి, ఆ సత్రం వంటసాల పెంకులు మా వాకిట్లోకి వచ్చి పడ్డాయి. రేపు ఏ పిల్లకైనా ఏమైనా అయితే చరిత్ర అని చెప్పి ఆ తల్లిని ఓదార్చగలమా? ఇన్నేళ్ళూ తలుపు తీసి చూసినవాళ్ళు లేరు. ఇప్పుడెందుకు ఈ ప్రేమ?

సున్నం పని:
రెండో వీధి బాబూ, మీ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఊడిపడిన ముక్క ఫొటో ఒకసారి పెద్దది చేసి చూడండి. తుప్పు పట్టిన ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి. సున్నంతో కట్టిన పాత గోడలో చువ్వలుండవు. ఆ సన్‌షేడ్ తర్వాతెప్పుడో సిమెంటు కాంక్రీటుతో అతికించింది. సముద్రపు గాలికి చువ్వ ఉబ్బి కాంక్రీటును పగలగొట్టింది. దాన్ని రేపే తీయించండి, నేనూ అదే అంటాను. అయితే అది పడిందని వెనకున్న గోడని దోషిని చేయకండి.

గోడకి అసలు జబ్బు వేరే ఉంది. ఎవరో ముచ్చటపడి దానికి సిమెంటు పూత పూయించారు. సున్నపు గోడ చెమ్మని పీలుస్తుంది, ఎండలో వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ బయటికి రాలేదు. ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకని పిండి చేస్తుంది. మూడో ఫొటోలో గోడ అడుగున ఎర్రగా రాలుతున్నది అదే. ఆ పూత చెక్కేసి, గోడని ఆరనిచ్చి, మళ్ళీ సున్నపు గారనే పూయాలి.

మిద్దె సంగతికొస్తే, టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి సున్నంతో కట్టినది. దూలం మధ్యలో చూసి బాగుందనుకుంటారు. కుళ్ళేది గోడలో దూర్చిన కొస దగ్గర. అక్కడ పొడిచి చూడాలి. కట్టడం మీద మొలిచిన రావిమొక్కని పైపైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది, వేరు చావాలి. ఇవేవీ చూడకుండా, వీధిలో నిలబడి చూసి శిథిలం అని రాస్తే నేను ఒప్పుకోను. వంటసాల మాత్రం నిలవదు. దాన్ని తీసేయవచ్చు.

నల్లకోటు:
చట్టం గురించి ఒక మాట. వందేళ్ళు దాటిన కట్టడాన్ని ఎవరూ ముట్టుకోకూడదని చాలామంది అనుకుంటారు. అలా లేదు. 1958 కేంద్ర చట్టమైనా, 1956 ఒడిశా చట్టమైనా, రక్షిత కట్టడంగా ప్రకటిస్తేనే కాపాడుతుంది. హైదరాబాదులో ఇర్రం మంజిల్‌ని కూల్చి అసెంబ్లీ కడతామన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసిందంటే, ఆ భవనం వారసత్వ జాబితాలో ఉండబట్టే. మీ సత్రం ఏ జాబితాలోనూ లేకపోతే కోర్టుకి పరుగెత్తి లాభం తక్కువ. నోటీసు గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరు చేత పరీక్ష చేయించమని అందులో అడగండి.

పర్లాకిమిడి ఆడపడుచు:
అభ్యంతరంలో తెలుగు రాయి అని పెద్దగా రాయకండి అన్నయ్యా. ఆ బాధ నాకు తెలియనిది కాదు. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపారని గిడుగు రామమూర్తి పంతులుగారు 1936లో ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా ఇళ్ళలో ఆ మాట ఇప్పటికీ నడుస్తుంది. కానీ ఆ సత్రంలో పడుకున్నవాళ్ళు అందరూ తెలుగువాళ్ళేనా? పూరీ పోయేవాళ్ళూ, సింహాచలం, శ్రీకూర్మం వచ్చే ఒడియావాళ్ళూ అదే దారిన నడిచారు. ఒడియా ఇళ్ళకీ వెళ్ళి సంతకాలు అడగండి. రాయి దాని చోట అది ఉంటుంది.

రెండో వీధి:
బాగు చేశారే అనుకుందాం. మళ్ళీ తాళం వేస్తే పదేళ్ళకి ఇదే కథ. దాత వారసులు విశాఖలో కొందరు, హైదరాబాదులో కొందరు. మిద్దె మీద ఆకులు ఊడ్చేదెవరు? దుకాణాలు కడితే అద్దెలైనా వస్తాయి.

జగన్నాథం రోడ్డు:
ఈ ప్రశ్న దగ్గరే నేనూ ఆగిపోయాను. గోపాలపూర్‌లో రంగూన్ ఓడల కాలం నాటి గిడ్డంగులు పనిలేక మొండిగోడలైపోయాయి. అదే ఊళ్ళో 1914లో కట్టిన పామ్ బీచ్ హోటలు చేతులు మారినా హోటలుగానే నడుస్తోంది. రోజూ మనిషి మసలే చోట కారుతున్న మిద్దెని ఎవరో ఒకరు చూస్తారు. అందుకని ముందు గదులు రెండూ దుకాణాలకే ఇద్దాం, ఆ అద్దె మరమ్మతుకి. వెనక హాలు పిల్లల ట్యూషన్లకీ, పత్రికలు చదువుకోవడానికీ. వారసుల్లో ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడాను, కాదనలేదు. మిగతావాళ్ళ సంతకాలు కావాలి.

సున్నం పని:
సున్నం నానబెట్టడానికే వారాలు పడుతుంది. వానల ముందు మొదలుపెడితే పని చెడుతుంది. దసరా తుపానులు దాటాక మిద్దె విప్పండి. అందాకా వీధివైపు సరుగుడు వాసాలతో ఊతం కట్టి, తడక పెట్టించండి.

రెండో వీధి:
సరే. ఈ వారంలో సన్‌షేడ్ దించి, తడక కట్టండి. నేనూ సంతకం పెడతాను. సంక్రాంతికి కూడా పని మొదలవకపోతే, కూల్చమని అర్జీ ఇచ్చేది నేనే.