గట్టి అట్ట నోట్‌బుక్: ఆరాక అట్ట బయటికి వంగుతోంది, పేజీలు అలలు తేలుతున్నాయి

సూదీదారం అడిగిన ప్రశ్న:

ఏ5 నోట్‌బుక్, చేతికుట్టు, పైన కాలికో బట్ట. 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 80 గ్రాములు) ఏ4 కాగితాలు సగానికి మడిచి, నాలుగు కాగితాలకు ఒక ఫారం (కలిపి కుట్టే మడత కట్ట) చొప్పున 8 ఫారాలు. మొత్తం 32 కాగితాలు, 128 పేజీలు. అట్ట 2 మి.మీ. గ్రేబోర్డు, జిగురు పీవీఏ (తెల్ల జిగురు), కుట్టు వెన్నుకి అడ్డంగా పెట్టిన రెండు టేపుల (పట్టీల) మీద. ఇబ్బంది మూడు చోట్ల ఉంది.

ఒకటి, బరువు తీసేటప్పుడు చదునుగా ఉన్న అట్ట రెండో రోజుకల్లా పుస్తకానికి దూరంగా, బయటి వైపుకి వంగుతోంది. పై అట్టకి వంపుతో పాటు మూల దగ్గర కాస్త మెలిక కూడా ఉంది. రెండు, మొదటి నాలుగైదు ఆకులు, చివరి నాలుగైదు ఆకులు వెన్ను పొడవునా అలలు తేలుతున్నాయి. మధ్యలో పేజీలు బాగానే ఉన్నాయి. మూడు, తెరిచినప్పుడు మూడు, నాలుగు ఫారాల మధ్య సందు విడుతోంది, దారం కనిపిస్తోంది.

జిగురు మార్చాలా, అట్ట మందం పెంచాలా, లేక తప్పు ఇంకెక్కడైనా ఉందా? కొలతలు కూడా వేరే సైజుకి పనికొచ్చేలా లెక్కతో చెబితే మేలు. దొరికే సూచనల్లో సగం "స్పైన్ (వెన్ను) అట్ట 15 మి.మీ." అని రాసి ఊరుకుంటాయి. ఎన్ని ఫారాలకో, ఏ కాగితానికో చెప్పవు.

---

ఫారం16:

మీరు చెప్పిన మొదటి రెండూ ఒకే జబ్బు. జిగురు మార్చినా అట్ట మందం పెంచినా పోదు. కాగితం గ్రెయిన్, అంటే పీచు పరుచుకున్న దిశ, అడ్డం తిరిగి ఉంది.

మిల్లులో తయారైన కాగితంలో పీచు ఎక్కువ భాగం ఒకే దిశలో పరుచుకుంటుంది. తడి తగిలితే పీచు పొడవులో దాదాపు సాగదు, అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే పుస్తకంలో వాడే ప్రతి కాగితానికీ, అట్టకీ గ్రెయిన్ వెన్నుకి సమాంతరంగా ఉండాలి. అప్పుడు తడికి ఆకు వెడల్పు వైపు సాగుతుంది, అటు వైపు అంచు స్వేచ్ఛగా ఉంది కాబట్టి ఏ గొడవా ఉండదు. గ్రెయిన్ అడ్డంగా ఉంటే ఆకు ఎత్తు వైపు సాగుతుంది. అక్కడ వెన్నుని జిగురూ కుట్టూ పట్టుకుని ఉన్నాయి, సాగటానికి చోటు లేదు. ఆ పెరిగిన పొడవే అలలుగా లేస్తుంది. అట్ట లోపలి ముఖానికి అంటించే ఎండ్ పేపర్‌కి పూసిన జిగురు తడి నాలుగైదు ఆకుల దాకా పాకుతుంది, అందుకే మధ్య పేజీలకి ఏమీ కాలేదు.

ఇప్పుడు అసలు విషయం. మామూలుగా దొరికే ఏ4 కాగితంలో గ్రెయిన్ చాలా వరకు పొడుగు వైపు, అంటే 297 మి.మీ. వైపు నడుస్తుంది. దాన్ని సగానికి మడిస్తే మడత 210 వైపు వస్తుంది. గ్రెయిన్ మడతకి అడ్డం పడుతుంది. అంటే మామూలు ఏ4 మడిచి చేసే ఏ5 నోట్‌బుక్ పుట్టుకతోనే తేడా.

దారి ఇది: గ్రెయిన్ పొడుగు వైపు ఉన్న ఏ3 తెచ్చి, 420 వైపుని సగానికి కోయండి. వచ్చిన ఏ4 ముక్కల్లో గ్రెయిన్ 210 వైపు ఉంటుంది. ఇప్పుడు మడిస్తే మడతా గ్రెయినూ ఒకే దిశ. మీ 32 కాగితాలకి 16 ఏ3 షీట్లు చాలు.

గ్రెయిన్ కనుక్కోవటానికి నమ్మకమైన పరీక్ష తడి పరీక్ష. 5 సెం.మీ. చదరపు ముక్క కోసి, కోసే ముందే అసలు షీటులో ఏ వైపుదో పెన్సిల్‌తో బాణం గీసుకోండి. ఒక ముఖానికి మాత్రమే తడి వేలు రాయండి. క్షణాల్లో గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిశలో ఉందో అదే గ్రెయిన్. చింపి చూడటం కూడా పనికొస్తుంది, గ్రెయిన్ వెంట తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకర పోతుంది. గ్రేబోర్డుకి మాత్రం రెండు చేతుల్తో పట్టి, ముందు ఒక వైపు, తర్వాత ఇంకో వైపు మెల్లగా వంచండి. తేలిగ్గా వంగినప్పుడు ఆ మడతగీత ఏ వైపు వచ్చేదో గ్రెయిన్ అటు. పెద్ద బోర్డు మీద ముక్కలు కోయక ముందే నాలుగైదు బాణాలు గీసి పెట్టుకోండి, కోశాక చిన్న ముక్కల్లో తేల్చుకోవటం కష్టం.

కాలికోకి కూడా ఇదే. పడుగు దారం వెన్నుకి సమాంతరంగా ఉండాలి. బట్ట అంచు కట్టు ఏ వైపు ఉందో పడుగు అటే.

మూల దగ్గర మెలిక అన్నారు చూశారా, అది అట్టకీ ఎండ్ పేపర్‌కీ గ్రెయిన్ కలవనప్పుడు వచ్చే గుర్తు. బయట బట్ట ఒక దిశలో లాగుతుంది, లోపలి కాగితం ఇంకో దిశలో లాగుతుంది. అట్ట మధ్యలో మెలిపడుతుంది.

---

కాలికోబైండు:

పైన చెప్పిందానితో ఏకీభవిస్తున్నా, ఒక్కటి కలుపుతాను. గ్రెయిన్ అంతా సరిగ్గా ఉన్నా అట్ట కొంత బయటికి వంగవచ్చు. బట్టకి పూసిన జిగురు ఆరేకొద్దీ బట్ట అట్టని బయటికి లాగుతుంది. దాన్ని సరిచేసేది లోపల అంటించే ఎండ్ పేపరే. అది తడికి సాగి, ఆరేటప్పుడు ముడుచుకుంటూ అట్టని లోపలికి లాగుతుంది. కాబట్టి ఎండ్ పేపర్ మరీ పలచగా, లోపల సన్నగా రాసిన పీవీఏతో అంటిస్తే ఆ లాగుడు చాలదు. 100 నుంచి 120 జీఎస్ఎమ్ కాగితం తీసుకోండి. ఆరాక అట్ట వెంట్రుకవాసి లోపలికి, పుస్తకం వైపుకి వంగి ఉంటే అది సరైన ఫలితం. అచ్చంగా చదునుగా రావాలని పట్టుపడితే గాలిలో తేమ మారినప్పుడు మళ్ళీ బయటికి తిరగవచ్చు.

కొలతలు. ఏవీ ముందే కోయొద్దు, కుట్టి వెన్నుకి జిగురు పూసి అంచులు కోశాకే కొలవాలి. మీ పుస్తకం అంచులు కోశాక 145 × 205 మి.మీ. అనుకుందాం.

అట్ట ఎత్తు = పేజీ ఎత్తు + 6, అంటే 211. పైనా కిందా మూడేసి మి.మీ. బయటికి ఉంటుంది. అట్ట వెడల్పు = పేజీ వెడల్పు − 3, అంటే 142. ఇక్కడ తగ్గించటం చూసి కంగారు పడొద్దు, అట్ట వెన్ను దగ్గర గాడి (అట్ట తెరుచుకునే సందు) వదిలి మొదలవుతుంది కాబట్టి ముందు అంచులో మళ్ళీ ఆ 3 మి.మీ. బయటికి వస్తుంది.

స్పైన్ ముక్క వెడల్పు = వెన్ను దగ్గర పుస్తకం మందం + రెండు అట్టల మందం. 80 జీఎస్ఎమ్ ఆకు సుమారు 0.1 మి.మీ., 64 ఆకులకి 6.4. దారం ఉబ్బు కలిసి, నొక్కాక 8 దాకా వస్తుంది. 8 + 2 + 2 = 12. ఎవరో చెప్పిన 15 పెట్టి ఉంటే వెన్ను వెనక ఖాళీ ఉండి పుస్తకం లోపల ఊగుతుంది. ఈ ముక్కకి 2 మి.మీ. బోర్డు వద్దు, 1 మి.మీ. దళసరి కార్డు చాలు. దాని గ్రెయిన్ కూడా నిలువుగానే.

గాడి = అట్ట మందానికి రెండింతలు + 3. మీకు 7 మి.మీ. గాడి 5 కి తగ్గితే అట్ట పూర్తిగా తెరుచుకోదు, తెరవబోతే ఎండ్ పేపర్ చిరుగుతుంది. 9 దాటితే అట్ట వదులుగా వేలాడుతుంది.

బట్ట: 142 + 7 + 12 + 7 + 142 = 310, చుట్టూ 20 మడత కలిపితే 350 × 251. మూలల్లో బట్టని 45 డిగ్రీల్లో కోసేటప్పుడు అట్ట మూలకి అంటుకుని కోయొద్దు, అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు, అంటే 3 మి.మీ. వదలండి. దగ్గరగా కోస్తే మూలలో బోర్డు కనిపిస్తుంది, మరీ దూరంగా కోస్తే మడత మీద మడత పడి గడ్డ కడుతుంది.

జిగురు ఎప్పుడూ మధ్య నుంచి అంచులకి. పలచటి పూత. బట్ట బయటికి మరకలు తేలాయంటే పూత దళసరి అయినట్టు.

---

దబ్బనం:

మూడో సమస్య కుట్టుది. నేను అదొక్కటే చెబుతా.

ఏ ఫారానికి ఆ ఫారం బిగించాలి. నాలుగు ఫారాలు కుట్టాక ఒకేసారి లాగితే దారం కిందికి జారదు, మధ్యవి వదులుగానే ఉంటాయి. బిగించేటప్పుడు దారాన్ని వెన్ను వెంట, కుట్టు సాగుతున్న దిశలో లాగాలి. మీ వైపుకి అడ్డంగా లాగితే రంధ్రం చీలి బారుతుంది, ఆ చీలికలోంచి వదులు మళ్ళీ వస్తుంది. చేసిన పుస్తకంలో మూడో ఫారం మధ్య మడత తెరిచి చూడండి. రంధ్రం గుండ్రంగా కాకుండా నిలువు చీలికలా ఉంటే కారణం అదే.

210 ఎత్తుకి రెండు 10 మి.మీ. టేపులు అయితే రంధ్రాలు పై నుంచి 15, 65, 76, 134, 145, 195 దగ్గర. టేపుకి రెండు పక్కలా ఉన్న రంధ్రాల మధ్య 11 మి.మీ. ఎడం ఉండాలి, సరిగ్గా 10 పెడితే టేపు నలిగి ముడత పడుతుంది. చివర్లలో 15 ఎందుకంటే తర్వాత అంచు రెండున్నర మి.మీ. కోసినా ఫారాల్ని చివర్లలో కలిపే కెటిల్ కుట్టు తెగకూడదు. ఒక కార్డు ముక్క మీద ఈ గుర్తులు పెట్టుకుని ప్రతి ఫారం మడతలో ఉంచి, లోపలి నుంచి బయటికి పొడవండి. దబ్బనం మడతకి సరిగ్గా మధ్యలో దిగాలి. పక్కకి ఒక్క మి.మీ. పోయినా ఆ ఫారం మిగతావాటితో కలవక మెట్టులా నిలుస్తుంది.

మొదటి రెండు ఫారాలు చివర దారపు కొసతో ముడి. మూడో ఫారం నుంచి ప్రతి చివరా కెటిల్ కుట్టు: సూదిని కింది రెండు ఫారాల మధ్య నుంచి దూర్చి, వచ్చిన ఉచ్చులోంచి పైకి తీసి, మెల్లగా కూర్చోబెట్టాలి. ఈ కుట్టు జారితే దాని పక్క ఫారాల మధ్యే సందు విడుతుంది. మీకు మూడు, నాలుగు మధ్య విడుతోంది కాబట్టి ముందు అక్కడే చూడండి.

దారం పొడవు = ఎత్తు × (ఫారాలు + 1). 210 × 9 = 1890, కొసలకి కలిపి 2.2 మీటర్లు. తేనెమైనం మీదుగా రెండుసార్లు లాగండి, జారకుండా ఉంటుంది. మందం కూడా చూడాలి: 0.5 మి.మీ. దారం అయితే 8 ఫారాలకి వెన్ను దగ్గర 4 మి.మీ. అదనంగా లేస్తుంది, ముందు అంచు పలచగా ఉండి పుస్తకం వెన్ను వైపు ఉబ్బినట్టు కనిపిస్తుంది. 0.35 దగ్గర ఉన్న నార దారం మేలు. కుట్టుమిషన్ దారం అంతకన్నా సన్నం, కాగితాన్ని కోసేస్తుంది.

---

సూదీదారం:

తడి పరీక్ష చేశాను, కాగితంలో గ్రెయిన్ అడ్డంగానే ఉంది. ఎండ్ పేపర్ కూడా అంతే. బోర్డు మాత్రం సరిగ్గానే ఉంది. అంటే మెలిక ఎందుకో తెలిసింది. మూడు ప్రశ్నలు: ఏ3 దొరకనప్పుడు ఇంట్లో ఉన్న ఏ4 కట్ట ఏం చేయాలి? ఇప్పటికే వంగిన అట్టని బాగు చేయవచ్చా? పీవీఏ కాకుండా పిండి జిగురు వాడితే అలలు తగ్గుతాయని కొందరు అంటారు, నిజమేనా?

---

ఫారం16:

ఏ4 కట్టతో ఏ6 చేయండి. ఏ4 లో 297 వైపుని సగానికి కోస్తే వచ్చే ఏ5 ముక్కలో గ్రెయిన్ 148 వైపు ఉంటుంది. దాన్ని మడిస్తే మడత కూడా 148 వైపే. ఒక్క కాగితం వృథా కాదు, జేబులో పట్టే పుస్తకం వస్తుంది. రంధ్రాల దూరాలు మాత్రం 148 కి మళ్ళీ లెక్కవేసుకోండి, చివర్ల 15 మార్చొద్దు.

పిండి జిగురుతో అలలు తగ్గవు, పెరుగుతాయి. అందులో నీళ్ళు ఎక్కువ. ఒక వంతు పిండికి ఐదు వంతుల నీళ్ళు పోసి ఉడికించేదే అది.

---

కాలికోబైండు:

అలల సంగతి వరకు నిజమే. కానీ పిండి జిగురుని పూర్తిగా తోసెయ్యను. ఎండ్ పేపర్ అంటించేటప్పుడు పీవీఏ పట్టేస్తుంది, వంకర పడితే లాగి సరిచేసే వ్యవధి ఉండదు. సగం పీవీఏ, సగం పిండి జిగురు కలిపితే జరుపుకోవటానికి రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి. తడిని ఆపటం జిగురు పని కాదు, మధ్యలో పెట్టే అడ్డు పని.

అంటించేటప్పుడు వరస ఇలా. ఎండ్ పేపర్ రెండు ఆకుల మధ్య చిత్తుకాగితం పెట్టి, పై ఆకుకీ, దాని మీదికి వచ్చే జాలీ గుడ్డకీ (వెన్నుకి అంటించిన వలలాంటి బట్ట), టేపులకీ జిగురు పూయండి. చిత్తుకాగితం తీసేసి, అదే చోట పలచటి ప్లాస్టిక్ షీటు పెట్టండి. ఇది లోపలి ఆకులకి తడి పాకకుండా ఆపుతుంది. అట్టని దించి మూయండి. తర్వాత తెరిచి చూడొద్దు. ఎంత ఆత్రంగా ఉన్నా సరే, తడి ఎండ్ పేపర్ గాడి దగ్గర ముడత పడి అలాగే ఆరిపోతుంది. రెండో వైపు కూడా అంటించాక గాడుల్లో 3 మి.మీ. అల్లిక సూదులు పెట్టి, పైనా కిందా చదును బోర్డులు, వాటి మీద నాలుగైదు కిలోల బరువు. 24 గంటల తర్వాత ప్లాస్టిక్ తీసి, పొడి కాగితం పెట్టి, ఇంకో రోజు బరువు కిందే ఉంచండి. మీకు చదునుగా తీసిన అట్ట రెండో రోజుకి వంగిందంటే లోపల తడి మిగిలి ఉండగానే బయటికి వచ్చినట్టు. ప్లాస్టిక్ ఉన్నంతసేపు ఆ తడి అట్టలోంచే బయటికి పోవాలి, అందుకే రెండో రోజు తప్పనిసరి.

వంగిన అట్టకి: లోపలి ఎండ్ పేపర్ మీద దానికన్నా చుట్టూ ఒక మి.మీ. తక్కువ సైజులో ఇంకో 120 జీఎస్ఎమ్ కాగితం, గ్రెయిన్ నిలువుగా, అచ్చం పిండి జిగురుతో అంటించండి. ఇక్కడ నీళ్ళు ఎక్కువ ఉండటమే మనకి కావాలి, కాగితం బాగా సాగి, ఆరేటప్పుడు గట్టిగా లోపలికి లాగుతుంది. కాగితానికి జిగురు పూసి మూడు నిమిషాలు సాగనిచ్చి అప్పుడు అంటించాలి. ప్లాస్టిక్ షీటు, బరువు, రెండు రోజులు మామూలే. వంపు పోతుంది. మెలిక మాత్రం సగమే తగ్గుతుంది, ఎందుకంటే అడ్డం తిరిగిన పాత ఎండ్ పేపర్ ఇంకా కిందే ఉంది. మెలిక ఎక్కువైతే గాడి దగ్గర కట్టర్‌తో కోసి కేసు (అట్టలూ బట్టా కలిసిన పై కవరు) విడదీసి, కొత్త అట్టలు వేయటమే తక్కువ పని. కుట్టు సరిగ్గా ఉంటే లోపలి పుస్తకం అలాగే పనికొస్తుంది, కాకపోతే మీది మూడో ఫారం దగ్గర ముందు చూసుకోవాలి.