గురజాడ "దేశస్థులంతా" అన్నది ఎవరిని?

"చెట్టపట్టాల్ పట్టుకొని దేశస్థులంతా నడువవలెనోయ్". ఇక్కడ పట్టుకొనా, కట్టుకొనా? నిన్నటి నుంచి బుర్ర తినేస్తోంది. ఇంకొకటి, దేశస్థులంటే పౌరులా, ఇక్కడ ఉంటున్న వాళ్లందరూనా?

— పట్టుకొని అనే నేను చదివాను. చెట్ట అంటే చెయ్యి. చెట్టపట్టడమంటే పాత కావ్యాల్లో పెళ్లాడటం కూడా, ఆ ధ్వని గురజాడకి తెలియకుండా ఉంటుందా!

— దాని సంగతి తర్వాత, ముందు థ ఒత్తు చూడండి. చాలామంది "దేశస్తులు" అని రాస్తున్నారు, అక్కడే అర్థం పోతోంది. స్థ అంటే ఉండేవాడు: గృహస్థుడు, గ్రామస్థుడు. కాబట్టి నివాసే.

— ఆ లెక్కన పౌరుడూ నివాసే కదండీ. పురంలో ఉంటే పౌరుడు, పల్లెలో ఉంటే జానపదుడు, పౌరజానపదులన్న మాట అలా వచ్చిందే. హక్కుల అర్థం తర్వాత చేరింది. 1910లో గురజాడ ఆ గీతం రాసేనాటికి మనవాళ్లు బ్రిటిష్ రాజు కింద ప్రజలు, మన పౌరసత్వ చట్టం వచ్చింది 1955లో.

— మాట పాతదైనా తేడా మాత్రం ఇవాళ చాలా గట్టిది. మా అన్నయ్య అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఏళ్ల తరబడి పన్ను కట్టాడు, అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. పౌరసత్వం తీసుకున్నాక భారత పాస్‌పోర్టు వదులుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఇక్కడ ఎన్నాళ్లయినా ఉండొచ్చు, ఓటు మాత్రం వెయ్యలేడు. అమ్మకి ఇప్పటికీ అది మింగుడుపడదు. ఆధార్ చూడండి, 182 రోజులు ఉన్న నివాసికి ఇస్తారు, అది పౌరసత్వానికి రుజువు కాదని 2016 చట్టంలోనే ఉంది.

— ముల్కీని మర్చిపోయారు అందరూ! ముల్క్ అంటే దేశం, అంటే ముల్కీ అచ్చంగా దేశస్థుడే. 1919 నిజాం ఫర్మానా ప్రకారం హైదరాబాద్ రాజ్యంలో 15 ఏళ్లు స్థిరంగా ఉన్నవాడూ ముల్కీ కావచ్చు. పుట్టుకా, నివాసమా అన్న గొడవ మనకి అప్పటిదే.

— బాగుంది మాస్టారూ, కానీ పాత దస్తావేజుల్లో "ఫలానా గ్రామ కాపురస్తుడు" అని ఒత్తు లేకుండానే ఉంటుంది. రైటర్లందరూ తప్పు రాశారంటారా?

— తప్పే. కాపురం తెలుగు మాట, దానికి సంస్కృత స్థ అతికించడమే వైరి సమాసం, పైగా ఒత్తు కూడా తీసేశారు.

— అలాగైతే పెళ్లి శుభలేఖల్లో "తెనాలి వాస్తవ్యులు" అంటామే, ఆ వాస్తవ్యుడి సంగతేమిటి? దానికి వేరే పోస్టు పెడతాను.