'చేపు' అనే మాట మీ ఇళ్లలో ఇంకా ఉందా?

నిన్న ఇక్కడ ఒకరు "ఆవు చేపింది" అంటే ఏమిటని అడిగితే, పాలిచ్చిందని అర్థం అని జవాబొచ్చింది. నాకది సరిపోలేదండీ. పితికేది మనం, చేపేది ఆవు. దూడ మూతి తగలగానే పాలు దిగి చన్నులు బిగుస్తాయి చూడండి, అదీ చేపడం. లోపల ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై నిమిషం, నిమిషంన్నరలో జరిగే పని, కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆవు బెదిరితే ఆగిపోతుంది. కొత్త మనిషి పితకడానికి కూర్చుంటే "చేపలేదు" అనేది అందుకే. మా వైపు నోట్లో అది 'సేపు'.

మాది పలమనేరు దగ్గర పల్లె. ఇంట్లో మూడడుగులు దాటని పుంగనూరు ఆవు ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు అది ఈనితే, పెయ్యదూడను "ఇది నీది" అని జేజి (మా నాన్నమ్మ) నాకు అప్పగించింది. ఇరవై రోజులకే దూడ పారుడు (విరేచనాలు) పట్టి చచ్చిపోయింది. ఆవు చేపలేదు, రాత్రంతా కొట్టంలో అరుస్తూనే ఉంది. రెండు రోజులు చూసి, దూడ తోలులో వరిగడ్డి కుక్కి, కుట్టి, దాని ముందు నిలబెట్టారు. నాకి నాకి చేపింది. నేను ఆ పాలు తాగలేదు, ఆవును మోసం చేస్తున్నావని జేజి మీద అరిచాను.

జేజి కోప్పడలేదు. చెంబు పక్కన పెట్టి "సేపకపోతే దాని పొదుగు రాయైపోతాది నాయినా" అంది. కాసేపాగి, మా నాన్నకు ముందు పుట్టిన ఆడబిడ్డ నెల తిరక్కుండానే పోయిందని, ఆ తర్వాత చాన్నాళ్లు ఎదురింటి పసిబిడ్డ ఏడ్చినా తనకు చేపుకొచ్చి రవిక తడిసిపోయేదని చెప్పింది. ఈ మాట ఆడవాళ్లకూ వాడతారని నాకు అప్పుడే తెలిసింది. నాకొక అత్త పుట్టి పోయిందనీ అప్పుడే తెలిసింది. సాయంత్రం ఆవుకు కసువు (గడ్డి) నేనే వేశాను, ఆ గడ్డిదూడను కూడా నేనే తెచ్చి నిలబెట్టాను.

అందుకే 'పాలిచ్చింది' అని సరిపెట్టొద్దంటున్నాను. ఇవ్వడం మన చేతిలో ఉంటుంది, చేపడం వద్దన్నా ఆగదు, రమ్మన్నా రాదు.

ఇప్పుడు తిరుపతిలో ప్యాకెట్ పాలు కొనే ఇంట్లో మా అమ్మాయికి ఈ మాట వినే సందర్భమే రాలేదు. కుప్పం, మదనపల్లె, పీలేరు వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, గడ్డి కుక్కి నిలబెట్టే ఆ దూడను మీ ఇళ్లలో ఏమని పిలిచేవాళ్లు?